బోర్డు తుడిచాకే తారీఖు

పోయిన వారం చంద్రికని మనం పంజాగుట్ట ఆఫీసులో, కంప్యూటర్ తెర వంక చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న చోట వదిలేశాం. పాపం, వారమంతా అలాగే కూర్చుందేమోనని బెంగపడకండి. మనకి వారం గడిచింది గానీ ఆమెకి గడిచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి కూడా సరిగ్గా నిద్రపోలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్ళు ఓపిక పట్టాలి. ఊరినిండా రక్తపరీక్షల సెంటర్లున్న నిర్మలధార డయాగ్నొస్టిక్స్ అనే సంస్థకి పంజాగుట్టలో హెడ్డాఫీసు ఉంది. ఆ సంస్థ కంప్యూటర్లకి కాపలా కాయడం చంద్రిక ఉద్యోగం. ఆమె కాపలా కాస్తూ ఉండగానే ఎవరో లోపలికి దూరి పేషెంట్ల రిపోర్టులు పట్టుకుపోయారు. బంజారాహిల్స్‌లో ఒకావిడకి, తన రిపోర్టు తను చూసుకోకముందే, ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేసి జబ్బు పేరు చెప్పి, ఫలానా ఆస్పత్రిలో చేరితే మంచిదని సలహా ఇచ్చాడు. ఆవిడ అక్కడే కూలబడిపోయింది. దూరినవాడి జాడ వెతికితే, అంతా సుమశ్రీ కంప్యూటర్ నుంచి, సుమశ్రీ పాస్‌వర్డ్‌తోనే జరిగినట్టు తేలింది.

సుమశ్రీ అంటే చంద్రిక దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల. కాకినాడ నుంచి వచ్చి మధురానగర్‌లో హాస్టల్లో ఉంటోంది. మేనేజర్ ప్రవీణ్ ఆమెని ఇంటికి పంపేశాడు. శనివారం మధ్యాహ్నం పోలీసులకి కంప్లెయింటు ఇస్తామనీ, అందులో దొంగగా ఆమె పేరే రాస్తామనీ చెప్పాడు. ఆ పిల్ల దొంగ కాదని చంద్రికకి గట్టి నమ్మకం. దానికి కారణం చెబితే సుమశ్రీ నొచ్చుకుంటుంది గానీ, నిజం నిజమే. ఆ దూరిన మనిషి చేసిన పని చాలా శుభ్రంగా ఉంది. అంత పని వస్తే ఆ పిల్లకి ఇన్ని కష్టాలెందుకు?

ఇక చంద్రిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది ఎందుకంటే, దూరిన మనిషి లోపలికి రాగానే కంప్యూటర్‌కి ప్రతిసారీ రెండే రెండు మాటలు చెప్పాడు. తెర తుడవమని ఒకటి, తారీఖు చూపించమని ఒకటి. ఎవరు ఏ మాట కొట్టినా యంత్రం రాసిపెట్టుకుంటుంది కదా, అది చదువుతుంటే ఆమెకి ఒళ్ళు జల్లుమంది. తనూ రోజూ అంతే చేస్తుంది. "కంప్యూటర్ ముందు కూర్చోగానే ముందు బోర్డు తుడవాలి, తర్వాత తారీఖు వెయ్యాలి, ఆ తర్వాతే పని" అని అమీర్‌పేటలో వీవీఎస్ సార్ నేర్పిన అలవాటు అది. ఇంకే సారూ అలా నేర్పడు. సుమశ్రీ కూడా ఆ సార్ దగ్గరే చదివింది.

నిన్న సాయంత్రం ఆఫీసు కంప్యూటర్లోనే వాట్సాప్ తెరిచి సుమశ్రీని అడిగింది, నీ పాస్‌వర్డ్ సార్‌కి ఇచ్చినవా అని. చాలాసేపు జవాబు రాలేదు. తర్వాత వచ్చింది. "అక్కా, సార్‌ని ఏమీ అనకండి." అంతే. ఆ ఒక్క మాటతో అంతా అర్థమైంది. "రేపు పొద్దున సార్ దగ్గరికే పోతున్న, నువ్వు ఫికర్ చెయ్యకు" అని రాసి, ప్రవీణ్‌కి మాత్రం అమ్మని కండ్ల డాక్టర్‌కి చూపించాలని చెప్పి, బ్యాగు తీసుకుని గబగబా బయటపడింది.

ఇప్పుడు మనం శనివారం పొద్దున, అమీర్‌పేటలో ఉన్నాం.

* * *

శనివారం పొద్దున్నే అమీర్‌పేటలో డెమో క్లాసులు. మొదటి క్లాసు ఉచితంగా చెబుతారు, నచ్చితే చేరతారు. మెట్రో దిగి సందులోకి తిరిగితే చాలు, చేతిలో పాంప్లెట్ పెట్టకుండా ఎవరూ ముందుకి పోనివ్వరు. చంద్రిక చేతిలోనూ ఒకటి పెట్టారు. ఆమె చదివిన కోర్సే, ఇప్పుడు పేరు మార్చి అమ్ముతున్నారు.

వీవీఎస్ సార్ అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పేరు పిలవడానికి పిల్లలకి ఓపిక లేక అలా కుదించారు. తణుకు దగ్గర నుంచి వచ్చి, మెట్రో స్తంభాలు లేవకముందు నుంచీ ఇదే మేడ మీద ఇదే గదిలో చెబుతున్నారు. బయట బల్ల దగ్గర ఆయన భార్య దుర్గాంబ గారు కూర్చుంటారు. వచ్చినవాళ్ళ పేరు కంటే ముందు టిఫిన్ తిన్నారా లేదా అని అడుగుతారు.

"చంద్రికా, చిక్కిపోయావేంటమ్మా" అన్నారు ఆవిడ, చూడగానే. "టిఫిన్ చేశావా?"

"తిన్న మేడమ్. సార్ ఉన్నరా?"

"డెమో మొదలెట్టబోతున్నారు. వెళ్ళి కూర్చో, నిన్ను చూస్తే పొంగిపోతారు."

ఆ మాట చంద్రికకి ముల్లులా గుచ్చుకుంది. పొంగిపోయే పని మీద రాలేదు తను. వెనక బెంచీలో, పిల్లల మధ్య తల వంచుకుని కూర్చుంది.

సార్ వచ్చారు. ఊళ్ళో అందరూ తెల్లబోర్డులకి మారినా ఆయనది ఇంకా నల్లబోర్డూ సుద్దముక్కే. ముందు తువ్వాలుతో బోర్డు పైనుంచి కిందకి నిదానంగా తుడిచారు. పక్కన మూలలో తారీఖు వేశారు. అప్పుడు పిల్లల వైపు తిరిగారు.

"హ్యాకర్లు ఎన్ని రకాలో పుస్తకంలో టోపీల రంగులు చెప్పి ఉంటుంది. మనకి టోపీ పెట్టేవాళ్ళు బాగానే తెలుసు కాబట్టి అది తేలిగ్గానే అర్థమవుతుంది" అన్నారు. పిల్లలు నవ్వారు. "నేను మీ హాస్టల్ గది గురించి చెబుతాను. తాళం వేసి ఇక్కడికి వచ్చారు. మీరు లేనప్పుడు ఒకడొచ్చి తాళం తీసి ల్యాప్‌టాప్ పట్టుకుపోయాడు. వాడు నల్లటోపీ. వీడి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఇంకొకడున్నాడు. మీ హాస్టల్ ఓనరే పిలిచి, మా తాళాలు గట్టివో కాదో చూసిపెట్టవయ్యా అంటే వచ్చి, తీసి చూపించి, ఏం మార్చుకోవాలో చెప్పి పోయాడు. వాడు తెల్లటోపీ. మీరందరూ అదవుదామనే వచ్చారు, సంతోషం."

సుద్దముక్కతో ఒక తలుపు బొమ్మ గీశారు.

"మూడోవాడితోనే చిక్కు. వాడిని ఎవరూ పిలవలేదు. తనంతట తనే తాళం తీసుకుని లోపలికొచ్చాడు. ఒక్క వస్తువూ ముట్టుకోలేదు. మీ మంచం మీద కూర్చుని, మీరు రాగానే, మీ తాళం బాలేదండీ అన్నాడు. వాడికి కాఫీ ఇస్తారా, నాలుగు తగిలిస్తారా?"

"రెండూ సార్" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు.

"వాడు బూడిదటోపీ. మనసు మంచిదే. కానీ మీ గదిలో వాడికేం పని? ఇక ఆదివారం బజార్లో తాళంచెవుల గుత్తి కొనుక్కుని కనబడిన ప్రతి తలుపుకీ పెట్టి చూసేవాడొకడు. తాళం ఎలా పనిచేస్తుందో వాడికి బొత్తిగా తెలీదు. ఎవరో చేసిన గుత్తి, వీడు తిప్పుతాడు. ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. లోపలికొచ్చాక ఏం చెయ్యాలో తెలీక అన్నీ చిందరవందర చేసి పోతాడు. వీడిని చూసి నవ్వకండి, ఎక్కువ నష్టం వీడితోనే." కాస్త ఆగారు. "ఆఖరివాడు మీ రూమ్మేట్. వాడికి గుత్తీ అక్కర్లేదు, తాళం తియ్యక్కర్లేదు. మీతో కలిసి తింటాడు, పడుకుంటాడు. మీ వస్తువు పోతే మీతోపాటు తనూ వెతుకుతాడు. మిగతా అందరికీ గోడలు కట్టొచ్చు. వీడికి ఎక్కడని కడతాం?"

చెప్పడంలో ఈయన తర్వాతే ఎవరైనా అనుకుంది చంద్రిక. అదే ఆమె బాధ. చెడ్డ మేష్టరైతే ఇంత కష్టంగా ఉండేది కాదు.

లేచి నిలబడింది. "సార్, ఒక డౌటు."

సార్ కళ్ళు చిట్లించి చూసి, గుర్తుపట్టి, ముఖమంతా నవ్వయ్యారు. "ఓహో, మా చంద్రిక. అడుగమ్మా. పిల్లలూ, ఈ అమ్మాయి మన స్టూడెంటే, పంజాగుట్టలో పెద్ద..."

"గదిల ఉన్న పిల్లనే తాళంచెవి చేతిల పెట్టి, సార్ నాకు గీ పని వస్తలేదు, మీరొచ్చి చేసి పోండ్రి అని పిలిచిందనుకోండ్రి. గట్ల వచ్చినాయన ఏ రకం సార్?"

సార్ నవ్వు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా తగ్గింది. చేతిలో సుద్దముక్కని అటూ ఇటూ తిప్పారు.

"మంచి డౌటు" అన్నారు. "పది నిమిషాలు టీ తాగి రండి పిల్లలూ."

* * *

అందరూ వెళ్ళాక ఆయన ముందు బెంచీలో, పిల్లలు కూర్చునే చోట కూర్చున్నారు. చంద్రిక నిలబడే ఉంది.

"సుమశ్రీ చెప్పిందా?"

"ఆమె చెప్పలే సార్. మిమ్మల్ని ఏమీ అనొద్దని మాత్రం చెప్పింది."

సార్ తల దించుకున్నారు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అమీర్‌పేటలో దీన్ని జాబ్ సపోర్ట్ అంటారు. ఉద్యోగం వస్తుంది, పని రాదు. అప్పుడు చదువు చెప్పిన సారే ఇక్కడ కూర్చుని, ఆ పిల్ల కంప్యూటర్లోకి దూరం నుంచి వెళ్ళి, ఆమె పేరు మీద ఆమె పని చేసిపెడతాడు. ఆఫీసువాళ్ళు పిల్ల బాగా చేస్తోందనుకుంటారు. ఇదేదో చాటుమాటు వ్యవహారం అనుకునేరు, స్తంభాలకి బోర్డులు కట్టి మరీ పిలుస్తారు.

"చేరిన కొత్తలోనే ఫోన్ చేసి ఏడ్చిందమ్మా" అన్నారు సార్. "ఏది ముట్టుకుంటే ఏం పాడవుతుందోనని భయంగా ఉంది సార్ అంది. వెనక్కి వెళ్ళిపోతానంది. కొన్నాళ్ళు పక్కన ఉండి చేయిస్తే తనే నేర్చుకుంటుందనుకున్నాను. దాని కంప్యూటర్ ఆపకుండా వదిలి వెళ్ళమన్నాను. సాయంత్రం క్లాసులయ్యాక ఇక్కణ్ణుంచి వెళ్ళి, రోజు మిగిలిపోయిన పని చేసిపెట్టేవాణ్ణి. ఇందులో తప్పు లేదనను. అందరూ చేస్తున్నదే."

"అందరు చేస్తున్నరని మీరు చేస్తరా సార్?" చంద్రిక గొంతు పెంచలేదు. "పాస్‌వర్డ్ దేవుడు అడిగినా ఇయ్యద్దని చెప్పింది మీరే కదా. గా మాట నేను ఇప్పటికి సుత మా ఆఫీసుల కొత్త పిల్లలకు చెప్త. మా సార్ చెప్పిండు అని చెప్త."

"దేవుడికి ఇవ్వొద్దన్నాను" అన్నారు ఆయన నెమ్మదిగా. "నాకు ఇవ్వొద్దని చెప్పాల్సిందని అప్పుడు తట్టలేదు."

"మీరు ఏ టోపీ సార్?"

"మంచం మీద కూర్చున్నవాణ్ణే." ఆయన బోర్డు మీది తలుపు బొమ్మ వైపు చూశారు. "కాఫీ ఇస్తావో, తగిలిస్తావో నీ ఇష్టం."

చంద్రికకి ఏడుపొచ్చింది. ఈ మనిషి మీద కోపం నిలవడం లేదని ఇంకా కోపం వచ్చింది. "రిపోర్టులు ఎందుకు తీసిన్రు సార్? గా బంజారాహిల్స్ ఆవిడ మీకేం చేసింది? ఆమె జబ్బు సంగతి ఎవరికో ఎట్ల చెప్పబుద్ధయింది?"

"ఏ రిపోర్టులు?"

"నాకు తెల్వదనుకోకుండ్రి."

"చంద్రికా, ఏ రిపోర్టులు?"

ఆయన ముఖం చూసి ఆమె ఆగిపోయింది. సుమశ్రీ ఆయనకి ఏమీ చెప్పలేదు. ఇంటికి పంపేశారని గానీ, ఎందుకు పంపారని గానీ ఆయనకి తెలియదు. సెలవు పెట్టానని చెప్పిందట. చంద్రిక అంతా చెప్పింది. పేషెంటుకి వచ్చిన ఫోన్ సంగతి, సుమశ్రీ పేరు మీద దొరికిన జాడ, మధ్యాహ్నం ఇవ్వబోయే కంప్లెయింటు. అంతా విని ఆయన లేచి, తువ్వాలుతో చేతులకంటిన సుద్ద తుడుచుకున్నారు.

"పద" అన్నారు. "పంజాగుట్టకి వెళ్దాం. నేను దూరిన మాట నిజం. అది నేనే చెబుతాను. రిపోర్టుల వైపు నేను కన్నెత్తి చూడలేదు. అదీ చెబుతాను. ఆ పిల్లని దొంగ అనకపోతే చాలు."

"మీరు ఒప్పుకుంటే మీ క్లాసులు బంద్ అయితయి సార్. ఇంక ఎవరు చేరుతరు మీ దగ్గర?"

"చేరరు."

గుమ్మంలో దుర్గాంబ గారు టీ కప్పులతో నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. భర్త ముఖం వంకా, చంద్రిక ముఖం వంకా చూసి, కప్పులు బెంచీ మీద పెట్టారు.

"రెండో బ్యాచ్ పిల్లలకి ఏం చెప్పమంటారు?" అని అడిగారు.

"సార్ ఊళ్ళో లేరని చెప్పు."

"ఊళ్ళోనే ఉన్నారు, ఈ పని మీద వెళ్ళారని చెబుతాను" అన్నారావిడ. "ఇక మీదట అబద్ధాలు వద్దులెండి." కొంగుతో ముఖం తుడుచుకుని బయటికి వెళ్ళిపోయారు.

టీ చల్లారిపోతోంది. కింద సందులో ఎవడో మైకులో పైథాన్, క్లౌడ్ అని కూరగాయలు అమ్మినట్టు అరుస్తున్నాడు.

"ఆ రాతలు నీ దగ్గర ఉన్నాయా?" అన్నారు సార్. "కంప్యూటర్ రాసిపెట్టినవి. వెళ్ళేముందు ఒకసారి చూస్తే, ఏ సాయంత్రం నేనో, ఏ సాయంత్రం కాదో చెప్పగలను."

చంద్రిక ఫోన్లో ఉన్నాయి, తెరని ఫోటోలు తీసి పెట్టుకుంది. ఇవ్వబోయి ఆగింది. ఆఫీసు సంగతులు సార్ చేతిలో పెట్టడమే కదా సుమశ్రీ చేసిన పని. తనూ ఇప్పుడు అదే చేస్తోంది. అయినా చూపించక తప్పదు. ఫోన్ ఆయన చేతికివ్వకుండా తనే పట్టుకుని చూపించింది. సార్ అది గమనించారు. కొంచెం నవ్వారు కూడా.

"అంతే, అలాగే ఉండాలి" అన్నారు.

ఒక్కో ఫోటో నెమ్మదిగా చదివారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఆయనకి అంతే నిదానం.

"ఇది నేను. ప్రింటర్ల గొడవ, గుర్తుంది. ఇదీ నేనే. ఇది కూడా." తర్వాతి ఫోటో దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇది నేను కాదు."

"ఎట్ల చెప్తరు సార్? మీ రెండు మాటలే కదా ఉన్నయి. తుడుసుడు, తారీఖు."

"వరస చూశావా?"

చంద్రిక చూసింది. నిన్న తనకి కనబడింది ఆ రెండు మాటలే. కనబడగానే గుండె ఆగినంత పనయి, ఏది ముందో ఏది వెనకో చూడనేలేదు. ఇప్పుడు చూసింది. ఇక్కడ తారీఖు ముందుంది, తుడవడం తర్వాత ఉంది.

"ముందు తారీఖు వేసి, ఆ తర్వాత బోర్డు తుడిచాడు" అన్నారు సార్. "తుడిచేశాక ఇంక తారీఖెక్కడుంటుంది? పనికిమాలిన పని. నేను అలా చచ్చినా చెయ్యను. నువ్వూ చెయ్యవు. సుమశ్రీ నిద్రలో కూడా చెయ్యదు, దానికి ఇంకేం రాకపోయినా ఇది మాత్రం వచ్చు."

మిగతావి చంద్రిక గబగబా తిప్పింది, ఆయన చూశారు. రిపోర్టులు తెరిచిన ప్రతిచోటా తారీఖు ముందుంది. రిపోర్టుల జోలికి పోని ప్రతిచోటా తుడవడం ముందుంది. ఒక్కటి కూడా తప్పలేదు. ఇద్దరు మనుషులు, ఒకే తలుపు. సార్ తెరిచి పెట్టుకున్న దారిలోనే ఇంకెవడో నడిచాడు. సార్ వస్తున్నారని తెలిసినవాడే అయ్యుండాలి. రేపు దొరికితే సార్ మీదకో, సుమశ్రీ మీదకో పోతుందని లెక్క వేసుకున్నవాడే అయ్యుండాలి.

"నా దగ్గర చదివినవాడే" అన్నారు సార్. "లేకపోతే ఈ రెండు మాటలూ రావు. చదివాడు గానీ తిరగేసి నేర్చుకున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోనివాడు ఇన్నేళ్ళలో ఒక్కడే గుర్తున్నాడు నాకు. ఒకరోజు విసుగొచ్చి బోర్డు దగ్గరికి పిలిచాను. తారీఖు వెయ్యి అన్నాను, వేశాడు. ఇప్పుడు బోర్డు తుడువు అన్నాను, మొత్తం తుడిచేశాడు. తారీఖేదిరా అంటే బిక్కముఖం వేశాడు. క్లాసంతా పడీపడీ నవ్వారు."

"కిటికీ పక్కన కూసునేటోడు" అంది చంద్రిక.

తనూ నవ్వింది ఆ రోజు. క్లాసయ్యాక అతనితో కలిసి కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ కూడా ఏడిపించింది. అతనేం అనుకోలేదు. ఎప్పుడూ ఏమీ అనుకునే మనిషి కాదు. తర్వాత తనకి నిర్మలధారలో ఉద్యోగం చూపించింది అతనే. ఈమధ్యే ఒకరోజు ఏదో చూపిస్తానని తన సీట్లో కూర్చుని కీబోర్డు మీద చేతులు వేస్తే, తెర మీద తారీఖు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. అది ఇప్పుడు గుర్తుకొచ్చింది. అప్పటిదాకా నిలబడే ఉన్న ఆమె బెంచీ మీద కూర్చుంది.

"ప్రవీణ్" అంది.

"మీ మేనేజరా?" సార్ నమ్మలేనట్టు చూశారు. "ఈ విచారణ చేస్తున్నది అతనే అన్నావు?"

"ఆయననే సార్. కంప్లెయింట్ రాస్తున్నది సుత ఆయననే."

"ఈ రెండు మాటల వరస తీసుకెళ్ళి పోలీసులకి చూపిస్తే నవ్వుతారమ్మా" అన్నారు సార్. "మనిద్దరికీ అర్థమైంది. ఇంకెవరికీ అర్థం కాదు. కంప్యూటర్లో అసలు రాతలు చెక్కుచెదరకుండా ఉంటే ఏదైనా చెయ్యొచ్చు. అవి ఎవరెవరికి అందుబాటులో ఉన్నాయి?"

"నాకు" అంది చంద్రిక. "ఇంక ప్రవీణ్‌కు."

అప్పుడే ఫోన్ మోగింది. చేతిలోనే ఉంది కాబట్టి పేరు ఇద్దరికీ కనబడింది. సార్ తల ఊపారు, మాట్లాడు అన్నట్టు.

"చంద్రికా, ఏడున్నవ్?" ప్రవీణ్ గొంతు ఎప్పటిలాగే నిదానంగా, ఆప్యాయంగా ఉంది. "అమ్మకు కండ్లు చూపించినవా?"

"చూపిస్తున్న."

"మంచిగ చూపించు, తొందరేం లేదు. నీకు ఒక ముచ్చట చెప్దామని చేసిన. సుమశ్రీ పేరు కంప్లెయింట్లకెల్లి తీసేసిన. గా పిల్లకు ఏం తెల్వదు పాపం. ఆమె ఉద్యోగం సుత ఏడికి పోదు, నేను మాట్లాడిన."

చంద్రిక కళ్ళు మూసుకుంది. ఈ మాట కోసమే కదా రాత్రంతా నిద్రపోలేదు. ఈ మాట కోసమే కదా పొద్దున్నే బయల్దేరి వచ్చింది. ఇప్పుడది ఈ నోటి నుంచి వింటోంది.

"మరి ఎవరి పేరు రాసినవ్?"

"వీవీఎస్ సార్ పేరు. మన గురువే, నాకు మాత్రం బాధుండదా? కని తప్పు తప్పే. ఆయన లోపలికి వచ్చినట్టు నీ ముంగట ఒప్పుకునే ఉంటడు గదా, నువ్వు నీ చెవులతోని వినే ఉంటవ్. జర జల్ది వచ్చి సాక్షి సంతకం పెట్టు. నువ్వు పెడితే సుమకు ఏం కాదు."

ఎదురుగా సార్ నిలబడి ఉన్నారు. అవతలి మాటలు ఆయనకి వినబడటం లేదు. పంజాగుట్టకి బయల్దేరడానికి చొక్కా చేతులు కిందకి దించి బొత్తాలు పెట్టుకుంటున్నారు.

"ప్రవీణ్" అంది చంద్రిక. "నేను సార్ దగ్గరున్ననని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు?" అతను చిన్నగా నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. "నిన్న పోతపోత వాట్సాప్ బంద్ చెయ్యలే నువ్వు. సుమతోని మాట్లాడినయన్ని గీడనే కనబడుతున్నయి. నీ కంప్యూటర్ సుత ఆన్‌లనే ఉన్నది. నీ సీట్లనే కూసున్న నేను."

ఫోన్లోంచి కీబోర్డు చప్పుడు వినబడింది, రెండు చిన్న మాటలు కొట్టినంత చప్పుడు. అవి తన పేరు మీద, తన కంప్యూటర్లో పడుతున్నాయి, ఆ తర్వాత అతనేం చేసినా యంత్రం రాసుకునేది తన పేరే. ఏది ముందు కొట్టాడో, ఏది తర్వాత కొట్టాడో చంద్రికకి చూడకుండానే తెలుసు.